ఇరవై నాలుగు కెమెరాలు, ఒకే గడియారం: ప్రాజెక్టు డైరీ

సోమవారం

“సార్, ఈయన మెట్లు దిగకముందే గేటు దాటేశాడు, ఒకసారి చూడండి” అని ఫుటేజీ చూసే గార్డు పిలిచాడు. చూస్తే అలాగే ఉంది. గేటు కెమెరాలో ఆ మనిషి 10:14:05కి బయటికి వెళ్లిపోయాడు. మెట్ల కెమెరాలో అదే మనిషి, అదే బ్యాగు, 10:15:40కి కిందికి దిగుతున్నాడు. మెట్ల నుంచి గేటుకి నడక అర నిమిషం కూడా ఉండదు. అంటే రెండు గడియారాల మధ్య దాదాపు రెండు నిమిషాల తేడా ఉందన్నమాట.

ఇలాంటివి చాలామంది “కొంచెం అటూ ఇటూ ఉంటాయిలే” అని వదిలేస్తారు. నేను వదలలేను. దొంగతనమో, ప్రమాదమో జరిగిన రోజున ఎవరు ముందు వచ్చారు, ఎవరు తర్వాత వెళ్లారు అన్నదే కదా తేలాల్సింది. ఒక్క కెమెరా టైమ్ తప్పని బయటపడితే మిగతా ఫుటేజీని కూడా ఎవరూ నమ్మరు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా, మూలన ఉన్న ఆ చిన్న అంకెలు తప్పయితే దాన్ని పట్టుకుని ఏదీ గట్టిగా చెప్పలేం.

సెటప్ ఇదీ. 24 ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ ద్వారా వీడియో పంపేవి), వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు ఏళ్లలో కొన్నవి. అన్నీ ఒకే ఎన్‌వీఆర్‌లో (నెట్‌వర్క్ వీడియో రికార్డర్) రికార్డవుతాయి. కెమెరాలకు విడిగా ఒక వీల్యాన్ (మిగతా వాటి నుంచి వేరు చేసిన నెట్‌వర్క్) ఉంది, దానికి ఇంటర్నెట్ లేదు. అది అలాగే ఉండాలి. టైమ్ కోసమని కెమెరాలను ఇంటర్నెట్‌కి తెరిచే పద్ధతి నాకు ఇష్టం లేదు.

ఇవాళ్టికి పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏ కెమెరా టైమునీ చేత్తో సరిచేయకూడదు. వెబ్ పేజీలో “కంప్యూటర్ టైముతో సింక్ చెయ్యి” అనే బటన్ ఉంటుంది, చెయ్యి దానిమీదికే పోతుంది. అది నొక్కితే అంకెలు సరిపోతాయి, కానీ ఆ కెమెరా ఎంత తప్పింది, ఎటువైపు తప్పింది, ఎప్పట్నుంచి తప్పింది అన్న ఆధారం చెరిగిపోతుంది. కొన్ని వారాల్లో సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ముందు కొలవాలి.

మంగళవారం

రోజంతా కొలవడమే. దీనికి మూడు దారులు వాడాను.

మొదటిది అన్నిటికంటే తేలిక. కెమెరా వెబ్ సర్వర్‌కి ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపితే, చాలా వాటిలో జవాబు హెడర్లలో ‘డేట్’ అనే వరుస వస్తుంది. అది జీఎంటీలో ఉంటుంది కాబట్టి టైమ్ జోన్ గొడవ అందులో కలవదు. రెండోది ఆన్‌విఫ్, వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు మాట్లాడుకునే ఉమ్మడి ప్రమాణం. అందులో సిస్టమ్ తేదీ, టైమ్ అడిగే కమాండ్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేదు. జవాబులో యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన) టైమ్, లోకల్ టైమ్ విడివిడిగా వస్తాయి, టైమ్ చేత్తో పెట్టిందా, ఎన్‌టీపీ (నెట్‌వర్క్‌లో టైమ్ సర్వర్‌ని అడిగి గడియారం సరిచేసుకునే పద్ధతి) నుంచి తీసుకుంటోందా అన్నదీ వస్తుంది. చిన్న స్క్రిప్టు రాసి 24 కెమెరాలనూ వరసగా అడిగించాను.

మూడోది నాకు బాగా నమ్మకమైనది. సెకన్లు పెద్దగా కనపడేలా గడియారం పెట్టిన ల్యాప్‌టాప్‌ని కెమెరా ముందు ఉంచి రికార్డు చేస్తాను. ఒకే ఫ్రేములో రెండు టైములు పడతాయి: ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదిది ఒకటి, కెమెరా తనంతట తాను బొమ్మ మీద అచ్చు వేసేది ఒకటి. వీడియో నెట్‌వర్క్‌లో ఎంత ఆలస్యంగా వచ్చినా రెండూ కలిసే ఆలస్యమవుతాయి కాబట్టి తేడా మారదు. ఫ్రేము ఫ్రేము జరుపుతూ ఏ అంకె ముందు మారిందో చూడాలి. సెకనుకి 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఇంతకంటే సూక్ష్మంగా చూడాల్సిన అవసరం ఇక్కడ లేదు.

ఫలితాలు ఒక పట్టికలో వేసుకున్నాక చూడాల్సింది తేడా ఎంత ఉందని కాదు, తేడా ఏ రకందని. రకాన్ని బట్టి జబ్బు తెలిసిపోతుంది.

కొన్నిటిలో తేడా సెకన్లలోనో, ఒకట్రెండు నిమిషాల్లోనో ఉంది, ఒక్కోదానికి ఒక్కోలా. ఇవి ఎవరితోనూ సింక్ అవకుండా సొంత క్రిస్టల్ (గడియారాన్ని నడిపే చిన్న స్ఫటికం) మీద నడుస్తున్నవి. 20 పీపీఎమ్ (పది లక్షల్లో 20 వంతులు) తప్పు ఉన్న క్రిస్టల్ రోజుకి 1.7 సెకన్లు తప్పుతుంది. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, రెండు నెలలు గడిస్తే నిమిషంన్నర దాటిపోతుంది. గేటు కెమెరా ఈ బాపతే.

రెండు కెమెరాలు 1970లో ఉన్నాయి. వాటి లోపల బ్యాటరీతో నడిచే గడియారం లేదు, లేదా బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో సెకన్ల లెక్క మొదలయ్యే 1970 జనవరి 1 దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెడతాయి.

ఇంకొన్నిటిలో తేడా సరిగ్గా గంటల్లో ఉంది, సెకన్లు మాత్రం దగ్గరగా ఉన్నాయి. ఇది గడియారం తప్పు కాదు, జోన్ తప్పు. ఇక్కడే ఆన్‌విఫ్ ఇచ్చే రెండు టైములూ పనికొస్తాయి. యూటీసీ సరిగ్గా ఉండి లోకల్ తప్పయితే జోన్ సెట్టింగ్ తప్పు. లోకల్ సరిగ్గా ఉండి యూటీసీ తప్పయితే, జోన్ తప్పుగా ఉన్న కెమెరాలో ఎవరో చేత్తో టైమ్ కొట్టారన్నమాట. ఈ రెండో రకం ప్రమాదకరం. బొమ్మ మీద అంకెలు సరిగ్గానే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎన్‌టీపీ ఆన్ చేసిన మరుక్షణం టైమ్ గంటల కొద్దీ ఎగిరిపడుతుంది, అప్పుడు అందరూ ఎన్‌టీపీనే తిడతారు.

ఆఖరి గుంపులో నాలుగు కెమెరాలు. ఇవి ఒక్కోటి ఒక్కోలా కాదు, నాలుగూ ఒకేలా 40 సెకన్లు వెనక ఉన్నాయి. వీటి సంగతి తేలికగా తేలదని అప్పుడే అనిపించింది.

బుధవారం

సింక్ ఎందుకు అవ్వట్లేదో చూడ్డానికి స్విచ్‌లో ఒక పోర్టుని మిర్రర్ చేసి (అక్కడి ట్రాఫిక్ నకలు తీసి), ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ పెట్టాను. ఎన్‌టీపీ నడిచేది యూడీపీ 123వ పోర్టు మీద. చాలా కెమెరాల నుంచి ఆ పోర్టుకి ఒక్క ప్యాకెట్ కూడా బయల్దేరట్లేదు. బదులుగా డీఎన్‌ఎస్ (పేరుని ఐపీ అడ్రసుగా మార్చే సేవ) ప్రశ్నలు కనపడ్డాయి, జవాబు లేనివి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే వాటిలో ఇంటర్నెట్‌లోని ఏదో టైమ్ సర్వర్ పేరు రాసి ఉంది. వీల్యాన్‌లో డీఎన్‌ఎస్ లేదు, కాబట్టి ఆ పేరు ఐపీగా మారదు, ఐపీ తెలియకుండా టైమ్ అడగడమే జరగదు. అయినా సెట్టింగ్స్ పేజీలో “ఎన్‌టీపీ: ఆన్” అని నిక్షేపంగా టిక్కు ఉంది. ఆ టిక్కు కెమెరాని సింక్ చెయ్యమని చెప్పారనడానికే గుర్తు, సింక్ అయిందని కాదు.

పరిష్కారం: కెమెరా వీల్యాన్‌లోనే సొంత టైమ్ సర్వర్. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (ఇక నుంచి ‘పై’) తీసుకుని, క్రోనీ అనే ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్ పెట్టాను. దానికి ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక కాలు, కెమెరా వీల్యాన్‌లో ఒక కాలు. మధ్యలో ప్యాకెట్లు దాటకుండా ఫార్వర్డింగ్ ఆపేశాను. పై ఒక్కటే బయటి నుంచి టైమ్ తెచ్చుకుంటుంది, కెమెరాలు పైని అడుగుతాయి. కెమెరాల్లో సర్వర్ పేరు బదులు నేరుగా ఐపీ రాశాను, దాంతో డీఎన్‌ఎస్ అవసరమే లేదు. క్రోనీ మామూలుగా క్లయింట్‌గానే నడుస్తుంది. కాన్ఫిగ్‌లో కెమెరాల సబ్‌నెట్‌కి (ఐపీల గుంపుకి) ‘అలౌ’ వరుస రాస్తేనే ఇతరులకు జవాబిస్తుంది.

అది రాశాక జవాబులు వెళ్లడం మొదలైంది, కానీ కెమెరాలు వాటిని పట్టించుకోలేదు. ఒక జవాబు తెరిచి చూశాను. ఎన్‌టీపీ ప్యాకెట్ 48 బైట్లే, చేత్తో చదవొచ్చు. మొదటి బైట్ హెక్స్‌లో (16 అంకెల లెక్కలో) E4. బిట్లుగా విడదీస్తే 11, 100, 100. చివరి 100 అంటే 4, సర్వర్ ఇచ్చిన జవాబు అని. మధ్య 100 అంటే ఎన్‌టీపీ 4వ వెర్షన్. మొదటి 11 దగ్గరుంది అసలు విషయం: “నా గడియారమే ఇంకా సరిపడలేదు, నన్ను నమ్మొద్దు” అని సర్వర్ తానే చెబుతోంది. కెమెరాలు దాన్ని నమ్మకపోవడం పద్ధతి ప్రకారమే.

మరి ‘పై’ గడియారం ఎందుకు సరిపడలేదు? ఆఫీసు ఫైర్‌వాల్ 123వ పోర్టుని బయటికి పోనివ్వట్లేదు. ఆ పై ఒక్కదానికే దారి తెరిపించాం. కాసేపటికి క్రోనీ సోర్సుల పట్టికలో ఒక సర్వర్ పక్కన నక్షత్రం గుర్తు వచ్చింది, అంటే దాన్ని ఎంచుకుని దాని టైముకి సర్దుకుందని. తర్వాతి జవాబులో మొదటి బైట్ హెక్స్‌లో 24. మొదటి రెండు బిట్లూ సున్నాలు. ఒక్కో కెమెరా టైమ్ సరైన చోటికి వచ్చి కూర్చోవడం స్క్రీన్ మీద కళ్లారా చూశాను. ఆ ఆనందం చెప్పలేను.

ఇక్కడొక మాట. కెమెరాలన్నిటినీ నేరుగా ఇంటర్నెట్ సర్వర్ల మీదికి వదలకపోవడానికి భద్రత ఒక్కటే కారణం కాదు. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం టైమ్ సర్వర్ మీదికి లక్షల కొద్దీ ఇంటి రౌటర్ల నుంచి వరదలా ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఆ సర్వర్ ఐపీని వాటి ఫర్మ్‌వేర్‌లోనే (లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే) రాసేశారు, జవాబు రాకపోతే ప్రతి సెకనూ మళ్లీ అడిగేలా పెట్టారు. నెట్‌వర్క్‌లో పెట్టే చిన్న పెట్టె కూడా పక్కవాడికి భారం కాకూడదు. మన కెమెరాల ప్రశ్నలకు మన సర్వరే జవాబు చెప్పుకోవడం మర్యాద.

గురువారం

ఇక ఆ 40 సెకన్ల నాలుగు. ఇప్పుడవి ఊగిసలాడుతున్నాయి. ఎన్‌టీపీ జవాబు రాగానే సరిగ్గా అవుతున్నాయి, తర్వాత ఎప్పుడో 40 సెకన్లు వెనక్కి పోతున్నాయి. క్రిస్టల్ తప్పయితే మెల్లగా జరగాలి, ఇలా ఒక్క దూకులో పోదు. అంటే ఎవరో వచ్చి టైమ్ రాసి పోతున్నారు.

ఈసారి 123వ పోర్టుని వదిలేసి ఆ కెమెరాల్లో ఒకదాని ట్రాఫిక్ మొత్తం పట్టాను. టైమ్ దూకిన క్షణానికి సరిగ్గా ముందు ఎన్‌వీఆర్ నుంచి ఒక ఆన్‌విఫ్ సందేశం వచ్చింది, సిస్టమ్ తేదీ, టైమ్ మార్చమని. ఎన్‌వీఆర్ మెనూలో ఎక్కడో లోపల “కెమెరాల టైమ్ ఆటోమేటిక్‌గా సరిచెయ్యి” అనే ఆప్షన్ ఆన్‌లో ఉంది. ఆ ఎన్‌వీఆర్ గడియారమే 40 సెకన్లు వెనక ఉంది. మిగతా కెమెరాలు ఎందుకు ఊగలేదంటే, వాటిలో ఎన్‌వీఆర్ వాడే యూజర్‌కి టైమ్ మార్చే అధికారం లేదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కెమెరా గడియారానికి కూడా యజమాని ఒక్కరే ఉండాలి. ఎన్‌వీఆర్‌లో ఆ ఆప్షన్ ఆపేసి, ఎన్‌వీఆర్‌ని కూడా టైమ్ కోసం ‘పై’కే కట్టాను. వెంటనే ఊగిసలాట ఆగింది. కొన్ని చోట్ల దీన్ని తిరగేసి చేస్తారు: ఎన్‌వీఆర్‌నే అందరికీ టైమ్ యజమానిగా పెడతారు. దాని గడియారం నమ్మదగినదైతే అదీ పనిచేస్తుంది. నేను ఎన్‌టీపీని ఎంచుకున్నది ఎందుకంటే, అందులో కెమెరా అడిగి తెచ్చుకుంటుంది, నెట్‌వర్క్ ఆలస్యాన్ని కూడా లెక్కలో తీసేస్తుంది, ఎవరు అడిగారో సర్వర్ దగ్గర జాబితా ఉంటుంది. ఎన్‌వీఆర్ నెట్టే టైమ్ సెకన్ల వరకే, అది చేరిందో లేదో చూసుకునే వాళ్లూ ఉండరు.

టైమ్ వెనక్కి దూకితే రికార్డింగ్‌లో ఏమవుతుందో కూడా ఈ రోజే చూశాను. టైమ్‌లైన్‌లో అదే 40 సెకన్లు రెండుసార్లు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. ప్లేబ్యాక్‌లో ఎన్‌వీఆర్ ఒకటే చూపించింది, రెండోది ఫైల్‌గా ఎగుమతి చేస్తే గానీ కనపడలేదు. ముందుకి దూకినచోట ఖాళీ ఉంది, అసలు ఆ కాసేపు కెమెరా పనిచేయనట్టు. నిజానికి అక్కడ ఒక్క ఫ్రేము కూడా పోలేదు. ఫుటేజీలో ఖాళీ కనపడితే ఎవరో కావాలని చెరిపేశారని అనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే పనివేళల్లో పెద్ద తేడాలు సరిచేయకుండా, చేసిన ప్రతి మార్పునీ పాత టైమ్, కొత్త టైములతో సహా ఒక రిజిస్టర్‌లో రాసిపెడుతున్నాను. పాత ఫుటేజీని ఎవరైనా అడిగితే ఆ రోజుకి ఏ కెమెరాకి ఎంత కలపాలో, ఎంత తీసెయ్యాలో దాన్నిబట్టి చెప్పొచ్చు.

మధ్యాహ్నం ఇంకో ముడి. 1970లో ఉన్న కెమెరాల్లో ఒకటి ఎన్‌వీఆర్‌లో “పాస్‌వర్డ్ తప్పు” అంటోంది. బ్రౌజర్‌లో అదే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతోంది. పాస్‌వర్డ్ మార్చి మళ్లీ పెట్టినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. ఆన్‌విఫ్ లాగిన్‌లో పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపరు. ఒక యాదృచ్ఛిక సంఖ్య, సందేశం తయారైన టైమ్, పాస్‌వర్డ్ మూడూ కలిపి ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ (వెనక్కి విప్పలేని ముద్ర) చేసి పంపుతారు. సందేశంలోని టైముకీ తన టైముకీ బాగా తేడా ఉంటే కెమెరా దాన్ని ఎవరో పాత సందేశాన్ని దొంగిలించి మళ్లీ పంపారనుకుని తిప్పికొడుతుంది. టైమ్ తప్పు కాబట్టి లాగిన్ అవదు, లాగిన్ అవ్వందే ఆన్‌విఫ్ ద్వారా ఎన్‌టీపీ పెట్టడం కుదరదు. ఇక్కడ పాస్‌వర్డ్ లేకుండా టైమ్ అడగొచ్చన్న వెసులుబాటు ఆదుకుంటుంది: ముందు కెమెరా టైమ్ అడిగి, మన సందేశంలో కెమెరా నమ్మే టైమ్ రాస్తే లోపలికి రానిస్తుంది. స్క్రిప్టులో అలాగే చేసి ఎన్‌టీపీ ఐపీ రాశాను. టైమ్ సరిపడగానే ఎన్‌వీఆర్ కూడా మామూలుగా కలిసింది.

జోన్ తప్పులు కూడా ఇవాళే ముగిశాయి. ఒక కంపెనీ కెమెరాల్లో జోన్‌ని పోసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) పద్ధతిలో రాయాలి. అందులో గుర్తులు తలకిందులు: యూటీసీ కంటే ముందున్న జోన్‌కి మైనస్, వెనకున్నదానికి ప్లస్. గుర్తు తిరగబడితే తేడా జోన్‌కి రెట్టింపు అవుతుంది. యూటీసీ కంటే 5:30 ముందుండాల్సింది అంతే వెనక్కి పోతే సరిగ్గా 11 గంటలు. పట్టికలో 11 గంటల తేడా కనపడ్డ వాటన్నిటిదీ ఇదే కథ.

శుక్రవారం

అన్నీ నడుస్తున్నప్పుడు సరిగ్గా ఉండటం గొప్ప కాదు. కరెంటు పోయి వచ్చాక ఎలా ఉంటాయన్నదే పరీక్ష. ముందే చెప్పి, కెమెరా స్విచ్‌కీ ‘పై’కీ కలిపి పవర్ తీసి మళ్లీ ఇచ్చాను.

రెండు సమస్యలు బయటపడ్డాయి. ఒకటి, కెమెరాలు పై కంటే ముందు లేచాయి. లేవగానే టైమ్ అడిగాయి, జవాబు లేదు. కొన్ని మోడళ్లు వెంటనే మళ్లీ అడిగాయి. కొన్ని మాత్రం తర్వాతి వంతు దాకా ఊరుకున్నాయి. ఆ వంతు సెట్టింగ్‌లో 1440 నిమిషాలని ఉంది, అంటే పూర్తిగా ఒక రోజు. 1970లో లేచిన కెమెరా ఒక రోజంతా 1970లోనే రికార్డు చేస్తుందన్నమాట. అన్నిటిలో దాన్ని 30 నిమిషాలకి తగ్గించాను. సొంత సర్వర్ కాబట్టి ఇంత తరచుగా అడిగినా ఎవరికీ భారం కాదు.

రెండోది ఇంకా పెద్దది. ఈ పై మోడల్‌లో బ్యాటరీ గడియారం లేదు. ఇంటర్నెట్ రాకముందు దానికి తెలిసింది ఆఖరిసారి డిస్కులో రాసుకున్న టైమ్ మాత్రమే. ఇంటర్నెట్ లేకపోయినా కెమెరాలకు జవాబివ్వమని క్రోనీలో ‘లోకల్ స్ట్రేటమ్ 10’ అనే వరుస పెట్టొచ్చు, నేను పెడదామనే అనుకున్నాను. కెమెరాల విషయంలో అన్నీ ఒకే టైమ్ చెప్పడం చాలా ముఖ్యం, ఆ టైమ్ అసలు టైముకి ఒక సెకను అటూ ఇటూ ఉన్నా సర్దుకోవచ్చు. కానీ బ్యాటరీ గడియారం లేని పెట్టెలో ఆ వరుస పెడితే, కరెంటు పోయి వచ్చిన వెంటనే తప్పు టైముని ధీమాగా అందరికీ పంచుతుంది. అంతకంటే జవాబివ్వకపోవడమే మేలు.

కాబట్టి ముందు డీఎస్3231 గడియారం మాడ్యూల్‌ని ‘పై’ పిన్నులకి తగిలించాను. ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సరిచేసుకునే చిప్ అది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య తప్పు 2 పీపీఎమ్ లోపే, అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. బూట్ అయ్యేటప్పుడు పై దాన్నుంచి టైమ్ చదివేలా చేసి, అది పనిచేస్తోందని చూసుకున్న తర్వాతే లోకల్ వరుస చేర్చాను. మళ్లీ పవర్ తీశాను, ఈసారి ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేసి. పై లేచింది, గడియారం సరిగ్గా ఉంది, కెమెరాలు దాన్ని అడిగి తెచ్చుకున్నాయి. ఆ తర్వాత టెన్షన్ తగ్గింది.

శనివారం

మళ్లీ మొత్తం కొలిచాను, మంగళవారం వాడిన స్క్రిప్టుతోనే. 24 కెమెరాలూ, ఎన్‌వీఆరూ సెకను లోపే. గేటు దగ్గరా మెట్ల దగ్గరా ల్యాప్‌టాప్ పరీక్ష కూడా చేశాను. ఈ కెమెరాల్లో ఉండేది ఎన్‌టీపీలో తేలికపాటి రూపం, ఎస్‌ఎన్‌టీపీ. మెల్లగా గడియారం వేగాన్ని సర్దడం దీనికి రాదు, అడిగిన ప్రతిసారీ టైముని ఉన్నపళంగా మార్చేస్తుంది. 30 నిమిషాలకోసారి అడిగితే ఆ మార్పు మిల్లీసెకన్లలోనే ఉంటుంది కాబట్టి రికార్డింగ్‌లో ఎక్కడా తెలియదు.

గార్డుని పిలిచి ఇవాళ్టి ఫుటేజీలో ఒక మనిషిని మెట్ల దగ్గర్నుంచి గేటు దాకా వెంబడించమన్నాను. “ఇప్పుడు వరుసలోనే వస్తున్నాడండీ” అన్నాడు.

నిఘాకి రెండు ఏర్పాట్లు మిగిల్చాను. స్క్రిప్టు ప్రతి గంటా కెమెరాల టైమ్ అడుగుతుంది, తేడా 2 సెకన్లు దాటితే మెయిల్ పంపుతుంది. దాంతోపాటు క్రోనీ క్లయింట్ల జాబితాని కెమెరాల జాబితాతో పోలుస్తుంది. పైని అడగడం మానేసిన కెమెరా ఉంటే, దాని టైమ్ ఇంకా సరిగ్గా ఉన్నా సరే పేరు బయటికొస్తుంది. కొత్త కెమెరా తగిలించి ఎన్‌టీపీ ఐపీ రాయడం మరిచిపోయినా ఇందులో దొరికిపోతుంది.

మిగిలిన పని ఒకటుంది. ఎన్‌టీపీ సెకన్ల లెక్క 1900 నుంచి 32 బిట్లలో నడుస్తుంది, 2036 ఫిబ్రవరి 7న మళ్లీ సున్నాకి వస్తుంది. యూనిక్స్‌లో గుర్తుతో కూడిన 32 బిట్ల లెక్క 2038 జనవరి 19న నిండుతుంది. ఈ కెమెరాల్లో కొన్ని అప్పటిదాకా గోడల మీద ఉండేవే. వచ్చే వారం ఒక్కో మోడల్‌లో ఒక స్పేర్ కెమెరా తీసుకుని, విడి స్విచ్ మీద అబద్ధపు టైమ్ ఇచ్చే సర్వర్ పెట్టి, ఆ రెండు తేదీలనూ దాటించి చూస్తాను. దాటలేని మోడళ్లకి ఫర్మ్‌వేర్ వస్తుందేమో కంపెనీలను అడగాలి, రాదంటే మార్చాల్సిన వాటి జాబితాలో రాసుకోవాలి.